సర్ ఆర్థర్ కాటన్ – కర్నూలు కడప కాలువ

వంతెనమీద బండ్లును, మనుష్యులును పోవుట అందఱును చూచినదే. కర్నూలునందు హంద్రినదిపై నున్న వంతెనమీద ఒక కాలువయే పాఱుచున్నది. పూర్వము ఆ కాలువలో పడవలును నడచెడివి. ఈ కాలువకు మూలమైన యూహ సర్ ఆర్థర్ కాటన్ దొరది.

కాటన్ 1803 మే 15వ తేదీన ఇంగ్లండులో జన్మించెను. 1821లో మన దేశమునకు వచ్చి, మదరాసు ప్రభుత్వమున ఇంజనీరుగా పనిచేసెను. కావేరిపాయయగు కొల్లడముపై 1836లో ఆనకట్టలు కట్టించెను. 1847 మొదలు 1852 వఱకు శ్రమించి, ధవళేశ్వరమున గోదావరికి ఆనకట్ట నిర్మించి, ఆ సీమను సస్యశ్యామల మొనర్చెను.

పిమ్మట నాతని దృష్టి రాయలసీమపై నిలిచెను. తుంగభద్ర కృష్ణలో కలియును. కుందూనది పెన్నలో కలియును. తుంగభద్ర నీటిని పెన్న సీమకు మఱల్చినచో పొలములు పండును, పడవలపై సరకులును సాగునని యాతడు తలచెను. 1858లో ఏర్పడిన మదరాసు ఇరిగేషన్ కంపెనీ ఈ పనికి పూనుకొనెను. సుంకేసులవద్ద ఆనకట్ట కట్టి, మిట్టకందాలవద్ద ఎత్తైన నేలను లోతుగా త్రవ్వి, నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతములమీదుగా కడప వఱకు 190 మైళ్ల కాలువను నడపిరి.

నీటిపై పన్నును, పడవలపై సుంకమును వచ్చి, పెట్టుబడి తీఱునని కంపెనీవారి యాశ. ఆ యాశ ఫలింపలేదు. వ్యయము మితిమీఱెను. జొన్న, ప్రత్తి పండించు రేగడినేలల రైతులు వానలనే నమ్ముకొని, వెల యిచ్చి కాలువనీరు తీసికొనుటకు వెనుదీసిరి. పడవల రాకపోకలును కొలదియే. ఇంతలో 1876లో ధాత కరవు వచ్చెను. వానలు లేక బీళ్లు నెఱ్ఱెలు వాఱినపుడు కాలువనీటి విలువ రైతులకు తెలిసెను.

అయినను ఇంగ్లండులో కాటన్‌పై విమర్శలు చెలరేగెను. రైలుమార్గములకంటె కాలువలే ఈ దేశమునకు మేలని యాతడు వాదించుచుండుటయే అందులకు కారణము. 1878లో పార్లమెంటు సంఘమువారు, డెబ్బదియైదేండ్ల యా వృద్ధుని పిలిపించి ప్రశ్నించిరి. ఆతడు తన మాటను విడువలేదు. 1882లో ప్రభుత్వము కాలువను కొనెను. 1899 జూలై 24న కాటన్ మరణించెను.

పడవలును, సుంకమును ఏనాడో పోయినవి. కాలువ మాత్రము నిలిచినది. నేడు దాని ఆయకట్టు 2 లక్షల 65 వేల యెకరములు. కంపెనీ లెక్కలలో నష్టముగా తేలిన కాలువయే, కర్నూలు, నంద్యాల, కడప సీమల రైతులకు జీవనాధారమైనది. లోకహితమైన కార్యమునకు ఫలము ఒక్కొకప్పుడు కర్త కాలము దాటిన పిదపగాని కనబడదు.