మిలేనా మళ్ళీ ఊరికొచ్చింది

అత్తవారింటికి వచ్చిన కొత్తలో పుట్టింటి మీద ఎంత బెంగపడ్డామో గుర్తుందా? అయినా పండక్కో పురిటికో వెళ్ళొస్తామన్న ధైర్యం మనకుండేది. ఆ ధైర్యం కూడా లేకుండా ముప్ఫై ఏడేళ్ళు పరాయి దేశాల్లో బతికింది మిలేనా రుద్నిత్స్కా. ఉక్రెయిన్ మహిళా ఉద్యమానికి నాయకురాలామె.

1892లో జ్బోరివ్ అనే చిన్న పట్నంలో పుట్టింది. అప్పుడది ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలో ఉండేది. తండ్రి ఉక్రెయిన్ వాడు, నోటరీ. తల్లి ఇదా యూదుల ఇంటి పిల్ల. 1906లో తండ్రి పోతే ఐదుగురు పిల్లల్నీ తల్లే పెంచి పెద్ద చేసింది. నలుగురు మగపిల్లల మధ్య ఒక్కతే ఆడపిల్ల మిలేనా. యూనివర్సిటీలో చదివి టీచరయింది. పెళ్ళయింది, ఇవాన్ పుట్టాడు. కాపురం మాత్రం నిలవలేదు. కొడుకును చూసుకుంటూనే బయటి పనిలోకి దిగింది.

మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ల్వీవ్ నగరం, ఆ చుట్టుపక్కల సీమ పోలండ్ చేతికొచ్చాయి. 1928లో మిలేనా పోలండ్ పార్లమెంటుకు ఎన్నికైంది. ఆ ఏడే ఉక్రెయిన్ మహిళా సంఘానికి అధ్యక్షురాలైంది. ఊరూరా శాఖలు, పసిపిల్లలకు బడులు, పల్లె ఆడవాళ్ళ కుట్టుపనికి, అల్లికలకు సహకార సంఘాలు... సంఘం పనంతా ఇలాంటిదే. 1934లో స్తానిస్లావివ్‌లో పెద్ద మహిళా మహాసభ జరిపారు. సరిగ్గా యాభై ఏళ్ళ కిందట, 1884లో, నతాలియా కోబ్రిన్స్కా తొలి మహిళా సంఘం పెట్టింది ఆ ఊళ్ళోనే.

అంతకు ముందు ఏడు, 1933లో, సరిహద్దుకు అవతల సోవియట్ ఉక్రెయిన్‌లో ఘోరమైన కరువు. పండిన ధాన్యాన్ని సర్కారు లాక్కుపోతే లక్షలాదిమంది ఆకలికి మాడి చచ్చారు. మిలేనా జెనీవా వెళ్ళి నానాజాతి సమితి తలుపు తట్టింది. సమితి కౌన్సిల్‌కు అప్పుడు అధ్యక్షుడైన నార్వే ప్రధాని మోవింకెల్ ఆమె మొర విని, సెప్టెంబరులో విషయాన్ని కౌన్సిల్ ముందు పెట్టాడు. వాళ్ళు రెడ్‌క్రాస్‌ని అడగమన్నారు. రెడ్‌క్రాస్ మాస్కోని అడిగింది. అసలు కరువే లేదని జవాబొచ్చింది! ఒక్క గింజ కూడా ఆకలిగొన్న వాళ్ళకు చేరలేదు.

1939లో సోవియట్ సైన్యం ల్వీవ్‌లోకి వచ్చేసింది. మిలేనా ఊరు విడిచింది. క్రాకో, బెర్లిన్, ప్రాగ్, జెనీవా, న్యూయార్క్, చివరికి మ్యూనిక్. ఒక అన్న ల్వీవ్‌లోనే ఉండిపోయాడు. సంఘం లేదు, శాఖలు లేవు. నాయకురాలంటే వెనక జనం ఉండాలి కదా! ఆ జనమే ఎక్కడెక్కడో చెల్లాచెదురైపోయారు. ఆవిడ మాత్రం చేతులు ముడుచుకు కూర్చోలేదు. జెనీవాలో శరణార్థులకు సాయం చేసే కమిటీ నడిపింది. బోల్షివిక్కుల పాలనలో తన సీమ పడిన బాధల మీద ఒక సంకలనం కూర్చి, 1958లో న్యూయార్క్‌లో అచ్చువేయించింది. కొడుకు పేరున్న చరిత్రకారుడయ్యాడు.

1976లో మ్యూనిక్‌లో కన్నుమూసింది. 1991లో సోవియట్ యూనియన్ కూలింది. 1993లో ఆమె అస్థికల్ని తెచ్చి ల్వీవ్‌లోని లిచాకివ్ శ్మశానంలో ఉంచారు. లేదన్న ఆ కరువును 2006లో ఉక్రెయిన్ పార్లమెంటు జాతి సంహారమని చట్టం చేసింది.

రెండూ ఆవిడ చూడలేదు. కానీ ఎవరూ విననప్పుడే నోరు విప్పి చెప్పడం ఎంత అవసరమో మిలేనా బతుకు చూస్తే తెలుస్తుంది.