కన్నీళ్లలో పుట్టిన పాట

మన సంఘాల్లో పాటలు పాడే విశ్వాసి ఎవరైనా ప్రభువునందు నిద్రిస్తే, భూస్థాపన కూడికలో ఆయనకు ఇష్టమైన పాటలే పాడుకుంటాం. మనిషి మట్టిలోకి వెళ్లిపోతాడు, పాట మాత్రం సంఘం నోట మిగిలిపోతుంది. 1972లో అమెరికాలో ప్రఖ్యాత గాస్పెల్ గాయని మహేలియా జాక్సన్ మరణించినప్పుడు షికాగోలో జరిగిన ఆరాధనలో మరో గొప్ప గాయని అరీతా ఫ్రాంక్లిన్ ఒక పాట పాడి ఆమెను సాగనంపారు. అంతకు నాలుగేళ్ల ముందు, 1968 ఏప్రిల్‌లో మార్టిన్ లూథర్ కింగ్ అంత్యక్రియల్లో అదే పాటను మహేలియా స్వయంగా పాడారు. ఆ పాట పేరు 'ప్రెషస్ లార్డ్, టేక్ మై హ్యాండ్'. ప్రభువా, నా చెయ్యి పట్టుకో అని వేడుకునే ప్రార్థన అది. రాసినవాడు థామస్ ఆండ్రూ డార్సీ. ఎంతోమందిని సాగనంపిన ఆ పాట ఆయన సొంత భార్యనూ పసిబిడ్డనూ మట్టికి అప్పగించి వచ్చిన రోజుల్లో పుట్టింది. ఆ సంగతి తెలిస్తే ఆ పాట మనకు వేరుగా వినిపిస్తుంది.

డార్సీ 1899 జూలై 1న జార్జియా రాష్ట్రంలోని విల్లా రికా అనే చిన్న ఊళ్లో పుట్టాడు. తండ్రి బాప్టిస్టు బోధకుడు. ఊరూరా తిరిగి వాక్యం చెప్పేవాడు, కడుపు నింపుకోవడానికి వ్యవసాయం చేసేవాడు. తల్లి ఎట్టా ఆర్గన్ వాయించేది. నల్లజాతివారికి బతకడమే కష్టమైన రోజులవి. డార్సీకి దాదాపు తొమ్మిదేళ్ల వయసులో ఆ కుటుంబం ఊళ్లో బతుకు సాగక అట్లాంటా నగరానికి చేరింది. అక్కడ బడి మధ్యలోనే మానేసిన కుర్రవాడు ఒక నాటకశాలలో తినుబండారాలు అమ్ముతూ, అక్కడికి వచ్చే పియానో వాద్యకారుల వేళ్లు చూసి సంగీతం నేర్చుకున్నాడు. ఆదివారం చర్చిలో తల్లి వాయించే కీర్తనలు, మిగతా రోజుల్లో వీధుల్లో వినిపించే బ్లూస్ పాటలు. ఈ రెండూ ఆయన చెవుల్లో పక్కపక్కనే పెరిగాయి.

బ్లూస్ అంటే ఏమిటో ఒక్కమాటలో చెప్పుకోవాలి. బానిసత్వం నుంచి బయటపడినా బాధల నుంచి బయటపడని నల్లజాతి ప్రజలు తమ ఆకలిని, ఎడబాటును, ఒంటరితనాన్ని చెప్పుకున్న పాటలవి. ఎక్కువగా మద్యం దుకాణాల్లో, రాత్రి విందుల్లో పాడేవారు కాబట్టి చర్చి పెద్దలు వాటిని సాతాను పాటలని దూరం పెట్టారు.

డార్సీ షికాగో చేరి స్వరరచన నేర్చుకున్నాడు. పేరు, డబ్బు రావడం మొదలైంది. 1924లో, 'బ్లూస్ తల్లి' అని జనం పిలుచుకున్న మా రెయినీ అనే గాయనికి వాద్యబృందం కట్టి ఆమెతో ఊరూరా తిరిగాడు. 'జార్జియా టామ్' అనే పేరుతో రికార్డులిచ్చాడు. 1925లో నెట్టీ హార్పర్‌ను వివాహం చేసుకున్నాడు. ఆమె మా రెయినీ బృందంలోనే దుస్తుల సంగతి చూసుకునేది.

బయటికి అంతా బాగున్నట్టే ఉంది. లోపల మాత్రం మనిషి కుంగిపోతున్నాడు. 1920లోనే ఒకసారి మనసు చెదిరి తల్లి దగ్గరికి వెళ్లి కోలుకున్నాడు. మరుసటి సంవత్సరం షికాగోలో జరిగిన బాప్టిస్టు మహాసభలో ఒక బోధకుడు పాడిన పాట విని, ఇక దేవుని కోసమే పాటలు రాయాలనుకున్నాడు. కానీ ఆ తీర్మానం ఎక్కువ కాలం నిలవలేదు. 1926లో మళ్లీ తీవ్రమైన మానసిక వ్యాధి పట్టుకుంది. దాదాపు రెండేళ్లు వాయించలేకపోయాడు. చనిపోదామన్న ఆలోచన దాకా వెళ్లాడు. ఈ రోజుల్లో దీన్ని డిప్రెషన్ అంటున్నాం. విశ్వాసులకు ఇది రాదని మనలో కొందరు అనుకుంటారు. పరిశుద్ధ గ్రంథంలో ఏలీయా బదరీ వృక్షం కింద కూర్చుని ప్రాణం తీసుకొమ్మని దేవుణ్ణి వేడుకున్న సంగతి మరిచిపోతాం. అలాంటి సమయంలో ఒక దైవజనుడు డార్సీ కోసం ప్రార్థించాడు, ధైర్యం చెప్పాడు. ఆ రోజుల్లోనే ఎరిగున్న ఒక యువకుడు హఠాత్తుగా మరణించడం చూసి డార్సీ కదిలిపోయి ఒక భక్తిగీతం రాశాడు.

ఇక్కడే చిత్రమైన సంగతి ఉంది. మన సాక్ష్యాల్లో మారుమనస్సు అంటే ఒక్క రాత్రిలో అంతా మారిపోయినట్టు చెప్పుకుంటాం. డార్సీ జీవితం అలా లేదు. 1928లో టాంపా రెడ్ అనే గిటార్ వాద్యకారుడితో కలిసి చేసిన ఒక శృంగార గీతం దేశమంతా మోగిపోయింది. ఒక చేత్తో దేవుని పాటలు, మరో చేత్తో లోకం పాటలు రాస్తూ కొన్నేళ్లు గడిపాడు. దేవుడు మాత్రం ఆయన్ను వదిలిపెట్టలేదు.

భక్తిగీతాలతో ఆయనకు మొదట దొరికింది తిరస్కారమే. ఐదు డాలర్లు అప్పు చేసి, తన పాట అచ్చు ప్రతులు ఐదు వందలు దేశంలోని సంఘాలకు పోస్టులో పంపాడు. ఏళ్లు గడిచినా ఒక్క ఆర్డరూ రాలేదు. షికాగోలోని పెద్ద నల్లజాతి సంఘాల్లో అప్పట్లో క్వాయర్లు ఐరోపా సంగీత విద్వాంసుల కృతులను పుస్తకం చూసి, కదలకుండా నిలబడి పాడేవి. అది మర్యాద, అది చదువుకున్నవారి ఆరాధన. దక్షిణాది పల్లెల నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చిన కూలీలు వెనక బల్లల మీద మౌనంగా కూర్చునేవారు. డార్సీ పాటల్లో చప్పట్లు ఉన్నాయి, ఊపు ఉంది, కన్నీళ్లు ఉన్నాయి. మాటలు దేవునివే, కానీ వరసలో బ్లూస్ వాసన ఉంది. పాస్టర్లు తలుపులు మూసేశారు. మంచి మంచి చర్చిల నుంచి తనను గెంటేశారని ఆయనే తర్వాతి కాలంలో నవ్వుతూ చెప్పుకునేవాడు.

ఈ వాదం మనకు కొత్తదేమీ కాదు. కీబోర్డు, డ్రమ్స్ గుడిలోకి రావచ్చా, సినిమా వరసలాంటి పాట ఆరాధనలో పాడవచ్చా అని మన సంఘాల్లోనూ గొడవలు జరిగాయి. అయితే మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే పాట పైన రాగం, తాళం పేర్లు కనిపిస్తాయి. పురుషోత్తమ చౌధరి గారివంటి పెద్దలు 19వ శతాబ్దంలోనే తెలుగువాడి చెవికి అలవాటైన రాగాల్లో క్రీస్తును స్తుతించారు. తన జనం ఏ వరసలో ఏడుస్తారో ఆ వరసలోనే దేవునికి మొర పెట్టాలన్నది డార్సీ తపన కూడా. లోకం బాణీ అంతా దేవునికి తగునని మనం అనడం లేదు. బాణీ ఎక్కడిదని అడిగేముందు ఆ పాట మనిషిని ఎవరి దగ్గరికి నడిపిస్తోందో చూడాలని మాత్రం ఆయన జీవితం నేర్పుతుంది.

1930లో షికాగోలో జరిగిన బాప్టిస్టు మహాసభలో ఎవరో ఆయన పాట పాడగా సభ అంతా లేచి నిలబడింది. వేల ప్రతులు అమ్ముడయ్యాయి. మూసుకున్న తలుపులు ఒక్కొక్కటిగా తెరుచుకున్నాయి. 1931లో థియోడర్ ఫ్రై అనే గాయకుడితో కలిసి ఎబినేజర్ బాప్టిస్టు చర్చిలో, ఆ మరుసటి సంవత్సరం పిల్‌గ్రిమ్ బాప్టిస్టు చర్చిలో గాస్పెల్ బృందాలను ఏర్పాటు చేశాడు. ఎట్టకేలకు దేవుని పనిలో స్థిరపడ్డాననుకున్నాడు. సరిగ్గా అప్పుడే దెబ్బ తగిలింది.

1932 ఆగస్టు. నెట్టీ నిండు చూలాలు. సెయింట్ లూయిస్ నగరంలో ఉజ్జీవ సభలకు డార్సీ పాడవలసి ఉంది. ఆయన తర్వాత చెప్పుకున్న ప్రకారం, కారులో కొంతదూరం వెళ్లాక పాటల సంచి మరిచిపోయానని గుర్తొచ్చి ఇంటికి తిరిగి వచ్చాడు. నెట్టీ నిద్రపోతోంది. వెళ్లవద్దని మనసు చెప్పింది. అయినా ఒప్పుకున్న పని కదా అని, ఆమెను లేపకుండా బయలుదేరాడు. మరునాటి రాత్రి సభలో ఆయన వేదిక మీద ఉండగా ఒక కుర్రవాడు టెలిగ్రాం తెచ్చి ఇచ్చాడు. భార్య చనిపోయిందని అందులో ఉంది. చుట్టూ జనం ఇంకా ఆనందంగా పాడుతూనే ఉన్నారు.

దాదాపు ఐదు వందల కిలోమీటర్ల దూరం. ఇంటికి చేరేసరికి మగబిడ్డ పుట్టాడని తెలిసింది. కొద్ది గంటలకే ఆ బిడ్డ కూడా కన్నుమూశాడు. తల్లీబిడ్డలను ఒకే పెట్టెలో ఉంచి భూస్థాపన చేశారు.

దేవుని పని మీద వెళ్లిన మనిషికి ఇదా ప్రతిఫలం? డార్సీ ఈ ప్రశ్నను దాచుకోలేదు. దేవుడు తనకు అన్యాయం చేశాడని బాహాటంగానే అన్నాడు. ఇక భక్తిగీతాలు రాయనని, తనకు బాగా తెలిసిన పాత సంగీతానికే తిరిగి వెళ్తానని అనుకున్నాడు. మనలో చాలామందిమి ఇలాంటి మాట వింటే భయపడి, అలా అనకూడదని నోరు మూయిస్తాం. కానీ యోబు తాను పుట్టిన దినాన్ని శపించాడు. కీర్తనకారులు దేవుణ్ణి ఎందుకని, ఎంతకాలమని నిలదీశారు. ఆ మాటలు పరిశుద్ధ గ్రంథంలో ఉండటానికి దేవుడే ఒప్పుకున్నాడు. దుఃఖంలో ఉన్నవాడు దేవునితో పోట్లాడుతున్నాడంటే ఇంకా దేవునితోనే మాట్లాడుతున్నాడని అర్థం.

కొద్ది రోజుల తర్వాత ఒక సాయంత్రం మిత్రుడు ఫ్రై ఆయన్ను పోరో కాలేజీలోని సంగీతపు గదికి తీసుకువెళ్లాడు. ఓదార్పు ప్రసంగాలేమీ చేయలేదు. పక్కన కూర్చున్నాడు, అంతే. అక్కడి పియానో మీద డార్సీ వేళ్లు ఒక పాత కీర్తన వరసను వెతుక్కున్నాయి. అమెరికా సంఘాల్లో 1844 నుంచి పాడుకుంటున్న వరస అది. దానిమీద కొత్త మాటలు వచ్చాయి. అలసిపోయానని, బలం లేదని, చెయ్యి పట్టుకుని ఇంటికి చేర్చమని అడిగే మాటలు. మొదట ప్రభువును మామూలుగా స్తోత్రార్హుడన్న మాటతో పిలిస్తే, అలా కాదు, ప్రియమైన ప్రభువా అని పిలువు అని ఫ్రై సూచించాడని డార్సీ చెప్పేవాడు. తరువాతి ఆదివారం ఎబినేజర్ చర్చిలో ఫ్రై ఆ పాట పాడాడు, డార్సీ పియానో వాయించాడు. సంఘమంతా కన్నీళ్లతో దేవుణ్ణి స్తుతించింది.

ఆ పాటలో మనం గమనించవలసిన విషయం ఒకటుంది. నా భార్యను ఎందుకు తీసుకున్నావు అన్న ప్రశ్నకు అందులో జవాబు లేదు. డార్సీకి జవాబు దొరకలేదు, ఒక చెయ్యి దొరికింది. నీళ్లలో మునిగిపోతున్న పేతురుకు యేసుప్రభువు గాలి ఎందుకు వీచిందో వివరించలేదు, వెంటనే చెయ్యి చాపి పట్టుకున్నాడు. యాయీరు ఇంట్లో కూడా చనిపోయిన చిన్నదాని చెయ్యి పట్టుకునే ఆయన ఆమెను లేపాడు.

ఆ తర్వాత డార్సీ వెనక్కి తిరిగి చూడలేదు. బ్లూస్ వదిలేశాడు. 1933లో గాస్పెల్ బృందాల జాతీయ మహాసభను స్థాపించిన పెద్దల్లో ఒకడై దశాబ్దాల పాటు దాన్ని నడిపించాడు. సొంతంగా పాటల ప్రచురణ చేపట్టాడు. లెక్కాపత్రం లేకుండా సాగుతున్న ఆ వ్యాపారాన్ని గాయని శాలీ మార్టిన్ దారిలో పెట్టింది. అప్పటికి పెద్దగా పేరులేని మహేలియా జాక్సన్‌ను వెంటబెట్టుకుని ఊరూరా తిరిగి పాడించాడు. 1937లో ఆమె కోసం రాసిన 'పీస్ ఇన్ ద వ్యాలీ' పాటను 1957లో ఎల్విస్ ప్రెస్లీ పాడగా కోట్లమంది విన్నారు. పిల్‌గ్రిమ్ చర్చిలో ఆయన దశాబ్దాల పాటు సేవ చేశాడు. 1941లో మళ్లీ వివాహం చేసుకున్నాడు, దేవుడు పిల్లలను కూడా ఇచ్చాడు. పేరు దగ్గరగా ఉండటంతో టామీ డార్సీ అనే తెల్లజాతి వాద్యబృంద నాయకుడే 'ప్రెషస్ లార్డ్' రాశాడని చాలామంది పొరపడ్డారు. పాట ఎవరిదని గుర్తున్నా లేకున్నా, అది చేరవలసిన హృదయాలకు చేరుతూనే ఉంది.

1968 ఏప్రిల్ 4 సాయంత్రం మెంఫిస్‌లో మార్టిన్ లూథర్ కింగ్ తానున్న హోటల్ వసారాలో నిలబడి, ఆ రాత్రి కూడికలో ఈ పాటను బాగా వాయించమని బెన్ బ్రాంచ్ అనే వాద్యకారుణ్ణి కోరాడు. కొద్ది క్షణాల్లో తూటా తగిలింది. ఆయన ఈ లోకంలో ఆఖరుగా అడిగినది ఆ పాటే.

డార్సీ 1993 జనవరి 23న షికాగోలో, 93 ఏళ్ల వయసులో ప్రభువు సన్నిధికి చేరాడు. చివరి రోజుల్లో మతిమరుపు వ్యాధి ఆయన్ను పట్టింది. ఇతరుల జ్ఞాపకంలో అన్ని పాటలు నింపిన మనిషి తన జ్ఞాపకాన్నే కోల్పోయాడు. ఆయన పాడిన పిల్‌గ్రిమ్ చర్చి భవనం కూడా 2006లో అగ్నికి ఆహుతైంది. మనిషి, జ్ఞాపకం, భవనం అన్నీ పోయేవే. పట్టుకున్న చెయ్యి మాత్రం వదలదు.

దావీదు తన బిడ్డ చనిపోయాడని విన్నప్పుడు నేలమీద నుంచి లేచి, స్నానం చేసి, దేవుని మందిరంలోకి వెళ్లి మొక్కాడని రెండవ సమూయేలు గ్రంథం 12వ అధ్యాయంలో చదువుతాం. ఆ లేవడం అందరికీ ఒక్కరోజులో సాధ్యం కాదు. మన సంఘంలో బిడ్డను, భర్తను, భార్యను కోల్పోయి పాడలేక మౌనంగా కూర్చున్నవారు ఈ ఆదివారం కూడా ఉంటారు. వారి విశ్వాసం చల్లారిందని మనం తీర్పు తీర్చవద్దు. ఫ్రై చేసినట్టు వెళ్లి పక్కన కూర్చుందాం. వారు పాడలేని రోజుల్లో వారి కోసం మనం పాడుదాం. యెషయా ప్రవచనం 41వ అధ్యాయంలో మన కుడిచెయ్యి పట్టుకుంటానని మాట ఇచ్చిన దేవుడు తగిన కాలంలో వారి నోటా పాట పుట్టిస్తాడు.