నల్లచుక్కల పుస్తకము

బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1706వ సంవత్సరమున అమెరికాలోని బోస్టన్ నగరమున జన్మించెను. తండ్రి కొవ్వొత్తులును, సబ్బులును చేసి జీవించెడి సామాన్యుడు. రెండేండ్లకు మించి బడిచదువు లేని ఆ బాలుడు 12వ యేట అన్నగారి అచ్చుకూటమున పనికి కుదిరెను.

ఫిలడెల్ఫియాలో ముద్రాపకుడై స్థిరపడిన పిదప, యౌవనముననే, తన నడవడిని తానే దిద్దుకొన సంకల్పించెను. మంచివాడు కావలెనను కోరిక యొక్కటియే చాలదనియు, చెడ్డ అలవాటును పెరికి మంచి అలవాటును నాటవలెననియు గ్రహించెను. మితాహారము, మౌనము, క్రమము మొదలగు 12 గుణములను వ్రాసికొనెను. అతడు గర్విష్ఠుడని ఒక మిత్రుడు మొగమోటము లేక చెప్పగా, కోపగింపక వినయమును 13వ గుణముగా చేర్చెను.

చిన్న పుస్తకమున గళ్ళు గీసి, ఆనాడు తప్పిన గుణమునకెదురుగా నల్లచుక్క పెట్టుచుండెను. వారమునకొక గుణముపై విశేషశ్రద్ధ వహించెను. తాననుకొనినదానికంటె తప్పులెక్కువని తెలిసెను. అవి క్రమముగా తగ్గుటయు చూచెను. క్రమము మాత్రము పూర్తిగా పట్టుబడలేదు.

కాని ఆ పుస్తకమున చుక్క పడని దోషమొకటి కలదు. ఆయన యింట బానిసలుండిరి. ఆయన పత్రికలో బానిసల అమ్మకపు ప్రకటనలు వెలువడెను. కాలక్రమమున ఆయన మనస్సు మారెను. 1787లో పెన్సిల్వేనియా బానిసత్వ నిర్మూలన సంఘమునకు అధ్యక్షుడయ్యెను. 1790 ఫిబ్రవరిలో బానిసల విముక్తికై అమెరికా కాంగ్రెసునకు మహజరు పంపెను. ఏప్రిల్ 17న, 84వ యేట, కన్నుమూసెను.

అలవాటును మార్చుకొనుట కష్టము. అలవాటైపోయిన తప్పును తప్పుగా గుర్తించుట మరింత కష్టము. ఎనుబదేండ్లు దాటినను దిద్దుకొనుటకు వేళ మించిపోదని ఆయన జీవితము తెలుపుచున్నది.