రెండు పక్షాల నడుమ నిలిచిన కార్డినల్ కొంతారీని

రక్షణకు కావలసిన విశ్వాసమేది? ఒకే ఇంటిలో ఒకరు కతోలిక దేవాలయానికి, మరొకరు ప్రొటెస్టెంటు మందిరానికి వెళ్లే కుటుంబాలెన్నో ఉన్న మన సంఘాలకు ఈ ప్రశ్న కొత్తది కాదు. దీనికోసమే తన చివరి సంవత్సరాలను ధారపోసిన గాస్పారో కొంతారీనిని గురించి నాలుగు మాటలు వ్రాయదలచాము.

ఆయన 1483లో వెనిస్ నగరంలో గొప్ప వంశమున జన్మించి పాదువాలో విద్యనభ్యసించారు. ప్రాణస్నేహితుడైన జుస్తినియాని లోకమును విడిచి కమాల్దోలి మఠంలో చేరగా కొంతారీని మనస్సు కలతపడింది. అంత కఠినమైన తపస్సు చేయువాడే తన పాపములకు ఆ ప్రాయశ్చిత్తము చాలునో చాలదోనని భయపడుతుంటే, లోకంలోనే నిలిచిపోయిన తన గతి ఏమి? 1511లో ఈస్టరుకు ముందటి శనివారమున ఒక సన్యాసియొద్ద పాపసంకీర్తనము చేసి, ఆయనతో మాట్లాడి వచ్చిన పిమ్మట ఆ భారము తొలగింది. మనుష్యుడెంత చేసినా చాలదనీ, క్రీస్తు శ్రమలే చాలినంతకంటె ఎక్కువనీ, విశ్వాసముతో, కొద్దిపాటి ప్రేమతోనైనా ఆయనతో ఏకమగుటే తన వంతనీ ఆయన గ్రహించారు. లూథర్ 95 సిద్ధాంతములు వెలువడుటకు అప్పటికింకా ఆరేండ్లున్నవి! ఈ సంగతి తెలిపే లేఖలను హుబర్ట్ యెడిన్ అనే జర్మన్ చరిత్రకారుడు 1953లో ప్రకటించారు.

1521లో వోర్మ్స్ సభ జరిగినప్పుడు కొంతారీని చక్రవర్తి ఐదవ చార్లెస్ వద్ద వెనిస్ రాయబారి. 1535లో పోపు మూడవ పౌలు, అప్పటికి గురుపట్టమైనా లేని ఆయనను కార్డినల్‌గా నియమించారు. 1541లో రేగెన్స్‌బర్గ్ సంభాషణలకు పోపు ప్రతినిధిగా పంపారు. అక్కడ కతోలికుల పక్షమున ఎక్, గ్రోపర్, ఫ్లూగ్. ప్రొటెస్టెంటుల పక్షమున మెలాంక్తన్, బూసర్, పిస్టోరియస్ కూర్చున్నారు.

చిక్కంతా విశ్వాసమనే మాటకు అర్థం చెప్పడంలోనే ఉంది. క్రీస్తునందు నమ్మికగా ఆనుకొనుటే విశ్వాసము, దానివలననే నీతిమంతులమని ఎంచబడుదుమని ప్రొటెస్టెంటులు. విశ్వాసము మొదలే గాని, ప్రేమ చేరనిదే అది జీవముగలది కాదని కతోలికులు. మే 2న ఇరుపక్షాలూ ఒక మాటకు వచ్చాయి. ప్రేమద్వారా పనిచేసే సజీవ విశ్వాసమువలన మనుష్యుడు నీతిమంతుడగును. అయితే తనలో కలిగిన నీతిమీద గాక, క్రీస్తు నీతిమీదనే ఆనుకొనవలెను. అక్కడే ఉన్న కాల్విన్ సైతం ఇంతవరకు ఒప్పుకున్నారే అని ఆశ్చర్యపడ్డారు.

ఆ సంతోషము నిలువలేదు. ప్రభువు బల్లయొద్ద రొట్టె ద్రాక్షారసముల మార్పును గురించిన చర్చలో సంభాషణలు చెడిపోయాయి. అంగీకరించిన మాటను సైతం రోము ఆమోదించలేదు. లూథర్ దానిని అతుకుల బొంతగా ఎంచారు. లూథర్ అభ్యంతరములో కొంత న్యాయమున్నదని మాకు తోచుచున్నది. ఎవరికి వారు తమ అర్థము చదువుకొనగల వాక్యము ఎంతకాలము నిలుచును? అయినను, ముప్పదియేండ్ల క్రిందట తన ప్రాణమును నిలిపిన సత్యమునే కొంతారీని ఆ బల్లమీద పెట్టారని మరువరాదు. స్వపక్షమువారి అనుమానములను భరిస్తూ 1542 ఆగస్టులో బొలోన్యాలో ఆయన కన్నుమూశారు.

1547 జనవరిలో ట్రెంట్ మహాసభ, విశ్వాసము రక్షణకు ఆరంభము, పునాది, వేరు అని చెబుతూనే, నిరీక్షణ ప్రేమలు దానితో కూడవలెనని తీర్మానించింది. 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గ్‌లో కతోలిక సంఘమూ లూథరన్ ప్రపంచ సమాఖ్యా నీతిమత్వమును గురించిన ఉమ్మడి ప్రకటనపై సంతకాలు చేశాయి. 2006లో మెథడిస్టులు, 2017లో రిఫార్మ్‌డ్ సంఘాలు అందులో చేరాయి. రేగెన్స్‌బర్గ్‌లో మాట తెగిపోయిన ఆ బల్లయొద్ద మాత్రము ఇరువురూ ఇంకను కలిసి కూర్చుండలేదు.