దూది ఏకినట్టు కథను ఏకినోడు మన నాజర్

ఒక బ్యాండు తన హిట్ పాటను స్టేజీ మీద మార్చి పాడిందంటే చాలు, మన కుర్రోళ్లు రెండు పార్టీలైపోతారు. ఒరిజినల్‌ని చెడగొట్టారని ఒకళ్లు, లైవ్ అంటే అట్టానే ఉండాలని ఇంకొకళ్లు. నేను రెండో పార్టీ. ఎందుకో చెప్పటానికి అమెరికా దాకా పోనక్కర్లేదు, గుంటూరు పక్కన పొన్నెకల్లు దాకా పోతే చాలు. జనానికి ముందే తెలిసిన కథను మళ్లీ కొత్తగా చేసి, ఊళ్లకు ఊళ్లను తెల్లవార్లూ కూర్చోబెట్టిన మనిషిది ఆ ఊరే. ఆయన షేక్ నాజర్. బుర్రకథ పితామహుడని పెద్దోళ్లు అంటారే, ఆయనే.

నాజర్ 1920 ఫిబ్రవరి 5న పుట్టాడు. నాయన మస్తాన్. పేదిల్లు, పింజారోళ్ల ఇల్లు. పింజారి అంటే దూది ఏకేవాడు. దూదేకులోళ్లని కూడా అంటాం. మన పత్తి చేల సీమలో ఈ పని చూడని పాతతరం మనిషి ఉండడు. వాడీ వాడీ గడ్డకట్టిన పరుపును విప్పి, లోపలి దూదిని విల్లు లాంటి పనిముట్టుతో కొడతారు. నారి మోగినప్పుడల్లా గడ్డ విడిపోయిద్ది, మధ్యలోకి గాలి దూరిద్ది, దుమ్ము రాలిపోయిద్ది. దూది అదే. ఒక్క పోచ కూడా కొత్తది కాదు. పరుపు మాత్రం కొత్తదై లేస్తది. నాజర్ బతుకంతా చూస్తే నాకు ఈ పనే గుర్తొచ్చిద్ది. ఆయన కొత్త పత్తి పండించలేదు, గడ్డకట్టిన పాత కథను ఏకాడు.

పింజారీ అనే మాటను మన ఊళ్లల్లో తిట్టులాగా వాడిన రోజులున్నాయి. కొందరి నోట ఇప్పటికీ పోలేదు. నాజర్ ఆ మాటను దాచుకోలేదు. తన జీవితం చెబుతుంటే అంగడాల వెంకట రమణమూర్తి రాసిన పుస్తకానికి ఆ పేరే పెట్టించుకున్నాడు. తిట్టుగా విసిరిన మాటను ఎత్తి అట్ట మీద పేరు చేసుకోవటమంటే అది కూడా ఏకటమే.

చిన్నప్పుడే గొంతు బాగుండేది. కుర్రతనంలో నాటకాల్లోకి పోయాడు. తెనాలి బాలరత్న సమాజంలో వేషాలు కట్టాడు. మగ వేషాలే కాదు, దేవకి, రుక్మిణి లాంటి ఆడ వేషాలు కూడా కట్టి మెప్పించాడు. హార్మోనియం పట్టాడు, సంగీతం నేర్చుకున్నాడు. ఇది ఎందుకు చెబుతున్నానంటే, తరవాత బుర్రకథలో ఆయన చూపించిన నటన, రాగం గాలిలోంచి ఊడిపడలేదు. తాను ఒక్కడే నిలబడి పది పాత్రలు చూపించగలిగాడంటే, అంతకుముందు ఆ పాత్రల్ని నిజంగా కట్టి ఉన్నాడు.

ఇప్పుడు బుర్రకథ అంటే ఏందో రెండు ముక్కలు. దీని పాత రూపం జంగం కథ. జంగాలు ఊరూరా తిరిగి తంబురా మీటుతా కథ చెప్పుకుని, ఇచ్చింది పుచ్చుకుని పోయేవాళ్లు. మధ్యలో కథకుడు ఉంటాడు. భుజాన తంబురా, బొటనవేలికి అందె, కాళ్లకు గజ్జెలు. అటొకళ్లు, ఇటొకళ్లు వంతలు. వాళ్ల చేతుల్లో గుమ్మెటలు. ఈ గుమ్మెటనే బుర్ర అని కూడా అంటారు. కథకుడు పాడి ఆపగానే వంతలు తందాన అందుకుంటారు. ఇద్దరు వంతల్లో ఒకడు హాస్యం. రెండోవాడు రాజకీయం. ఈ రెండోవాణ్ని గుర్తుపెట్టుకోండి, మళ్లీ ఈయన దగ్గరికే వస్తాం.

1943లో ప్రజానాట్యమండలి మొదలైంది. డాక్టర్ గరికపాటి రాజారావు ముందుండి నడిపించాడు. అది బెంగాల్ కరువు ఏడాది. అక్కడ సుమారు 30 లక్షల మంది తిండి లేక, రోగాలొచ్చి చనిపోయారని లెక్క. పేపరు చదవలేని రైతుకూలీకి ఈ సంగతి ఎట్టా చెప్పాలి? కమ్యూనిస్టులు బుర్రకథను ఎత్తుకున్నారు. మైకు, సినిమా హాలు, కరెంటు లేని ఊళ్లకి ముగ్గురు మనుషులు, ఒక తంబురా, రెండు గుమ్మెటలు పోతే చాలు. నాజర్ ఈ దారిలోకి వచ్చి దానికి ఊపిరయ్యాడు. బెంగాల్ కరువునే కథగా చెప్పాడు. ఎక్కడో కలకత్తా అవతల ఆకలితో పోయినోళ్ల కోసం మన పల్లెల్లో ఆడోళ్లు కన్నీళ్లు పెట్టుకున్నారంటే, ఆ వార్తను పాటగా మార్చిన చేతుల్లో ఈయనవి ముఖ్యమైనవి.

ఆయన ఏం మార్చాడు? జంగం కథ వాయిద్యాలు అవే, వంతలు అవే, తందాన అదే. దానిలోకి నాటకం నేర్పిన అభినయం తెచ్చాడు, సంగీతం నేర్పిన రాగాలు తెచ్చాడు, అడుగులు తెచ్చాడు. ఏడిపించాల్సిన చోట గొంతు దించాడు, యుద్ధం దగ్గర గజ్జెలు మోగించాడు. అడుక్కునే ఆటని కొందరు చిన్నచూపు చూసినదాన్ని పదిమందీ నిలబడి చూసే కళగా నిలబెట్టాడు. మహారాష్ట్రలో కూలీల పాటలు పాడిన అమర్ షేక్‌తో పోల్చి ఈయన్ని ఆంధ్రా అమర్ షేక్ అన్నారు.

ఆయన చెప్పిన కథల్లో మన నేల కథ పల్నాటి యుద్ధం. దీన్ని కాస్త ఆలోచించండి. 12వ శతాబ్దపు సంగతి. బ్రహ్మనాయుడు, నాగమ్మ, కోడిపందెం, బాలచంద్రుడు, కన్నమదాసు, కారంపూడి రణం. ఈ పేర్లు తెలియని ఇల్లు పల్నాడులో ఉండదు. కారంపూడిలో ఇప్పటికీ కార్తీక అమావాస్య నుంచి అయిదు రోజులు వీరుల తిరునాళ్ల జరుగుద్ది, మందపోరు నాడు చాపకూడు పెడతారు, వీరవిద్యావంతులు కథ పాడతారు. అంటే కథ ఏమవుద్దో ముందే అందరికీ తెలుసు. బాలచంద్రుడు బతకడని చంటిపిల్లోడికీ తెలుసు. మరి తెలిసిన కథ కోసం జనం చలిలో దుప్పటి కప్పుకుని తెల్లవార్లూ ఎందుకు కూర్చున్నారు?

ఎందుకంటే కథ పాతదే, కానీ చెప్పేది ఈ రాత్రి. ఈ ఊళ్లో, ఈ జనం ముందు. అన్ని కులాలూ ఒకే చాప మీద కూర్చుని తినటం అనే ముక్క వచ్చినప్పుడు, ఎదురుగా నేల మీద ఎవరెవరు ఏ మూల విడివిడిగా కూర్చున్నారో కథకుడికి కనిపిస్తానే ఉంటది. అక్కడ రెండు నిమిషాలు ఆగాలా, రెండు గంటలు లాగాలా అనేది పుస్తకంలో ఉండదు. జనం మొహాల్లో ఉంటది. బుర్రకథ అనేది కట్టుబాటున్న ఆటే గానీ కట్టేసిన ఆట కాదు.

ఇక్కడే ఆ రాజకీయం వంత పని. కథకుడు పల్నాటి రాజుల దగ్గర ఉంటాడు. పక్కనున్న వంత మధ్యలో దూరి ఇప్పటి సంగతి అడుగుతాడు. కథలో కరువొస్తే మన ఊరి కరువు అడుగుతాడు. కథలో దొర దౌర్జన్యం చేస్తే ఊళ్లో పెత్తందారు వైపు ఓ చూపు విసురుతాడు. హాస్యం వంత దాన్ని నవ్వుగా తిప్పుతాడు, కథకుడు మళ్లీ కథలోకి లాగుతాడు. పాత కథలో ఇయ్యాల్టి ఊరు దూరటానికి వదిలిన కిటికీ ఇది. నిన్నటి ఊళ్లో అడిగిన ప్రశ్నే ఈ ఊళ్లో అడిగితే పేలదు. అందుకే ప్రతి ఊరికీ ఆట మారాల్సిందే. మార్చటం అనేది ఇక్కడ సరదా కాదు, ఆటలో ఒక మనిషికి అప్పజెప్పిన డ్యూటీ.

ఇప్పుడు మీ బ్యాండ్ల దగ్గరికి వద్దాం. అమెరికాలో గ్రేట్‌ఫుల్ డెడ్ అని ఒక బ్యాండు ఉండేది. వాళ్ల డార్క్ స్టార్ పాట 1968లో రికార్డుగా వచ్చినప్పుడు మూడు నిమిషాలు కూడా లేదు. స్టేజీ మీద అదే పాట ఇరవై నిమిషాలు దాటేది. బాబ్ డిలాన్ 1965లో న్యూపోర్ట్ జానపద సంగీత ఉత్సవంలో ఎలక్ట్రిక్ గిటారు పట్టుకుని తన పాటలు పాడితే, జనంలో కొందరు గోల చేశారు. ఆయన ఆగలేదు. ఆ తరవాత కూడా తన పాటల్ని గుర్తుపట్టలేనంతగా మార్చి పాడతానే ఉన్నాడు. 2016లో నోబెల్ కూడా వచ్చింది. వాళ్లని తక్కువ చేయటం లేదు. తేడా ఒక్కటే చెబుతున్నా. అక్కడ ఎక్కువ భాగం పాటగాడు తన కోసం, తన సంగీతం కోసం మార్చుకున్నాడు. మన బుర్రకథలో జనం కోసం మార్చారు. జనం అది కావాలని అడిగారు.

1940ల చివర్లో సర్కారు కమ్యూనిస్టుల మీద విరుచుకుపడింది. ప్రజానాట్యమండలి దళాలు చెల్లాచెదురయ్యాయి. ఊరూరా తిరిగే ఆటకు ఊరే దొరక్కపోతే ఏం మిగులుద్ది? చాలామంది కళాకారులు మద్రాసు సినిమా వైపు చూశారు. 1953లో గరికపాటి రాజారావు తీసిన పుట్టిల్లు సినిమాలో, 1954లో ఎన్టీఆర్, భానుమతి ఉన్న అగ్గిరాముడు సినిమాలో నాజర్ బుర్రకథ ఉంది. అగ్గిరాముడులో చెప్పింది అల్లూరి సీతారామరాజు కథ. ఇయ్యాల మీరు ఫోన్లో నాజర్‌ని చూడాలంటే ఎక్కువగా దొరికేది అదే.

అది దొరకటం మన అదృష్టం. ఆ మనిషి నిలబడే తీరు, ఆ గొంతు మనకి మిగిలాయి. కానీ అది కొద్ది నిమిషాల ముక్క. ఎదురుగా కెమెరా ఉంది, ఊరు లేదు. వంత అడగాల్సిన ఇయ్యాల్టి ప్రశ్నకి అందులో చోటు లేదు. పరుపు కుట్టేసి షోకేసులో పెట్టినట్టు. రికార్డు అయింది ఆటకి ఆనవాలు మాత్రమే. తరవాత తరాలు ఆ ఆనవాలునే ఒరిజినల్ అనుకోవటంతో తంటా మొదలైంది.

ఇంకో దెబ్బ కూడా ఉంది, దాని గురించి తక్కువ మాట్లాడతాం. తరవాతి రోజుల్లో బుర్రకథను సర్కారు ప్రచారానికి వాడుకున్నారు. కుటుంబ నియంత్రణ, పొదుపు, ఆరోగ్యం. అవి చెడ్డ విషయాలని నేననను. కళాకారుడికి నాలుగు డబ్బులు కూడా వచ్చాయి. కానీ డబ్బు ఇచ్చేవాడే కథ రాసిస్తే, రాజకీయం వంత నోరు ఏమైద్ది? ప్రశ్న అడగాల్సినోడు ప్రకటన చదవాల్సి వచ్చింది. తంబురా అదే, గుమ్మెట అదే, తందాన అదే. కిటికీ మాత్రం మూసేశారు. ఒక కళ చచ్చిపోతే అందరికీ తెలుసుద్ది. ఇట్టా నోరు కట్టేసుకుని బతికితే ఎవరికీ తెలియదు.

నాజర్ తంబురా దించలేదు. ప్రహ్లాదుడి కథ చెప్పాడు, క్రీస్తు కథ చెప్పాడు, బొబ్బిలి యుద్ధం చెప్పాడు. తురక ఇంట్లో పుట్టి ప్రహ్లాదుడి కథ చెబుతున్నాడేందని అప్పట్లో మన పల్లెలు లెక్కలేసుకోలేదు. కథ బాగా చెబుతున్నాడా లేదా, అంతే. ఇయ్యాల ఎవరి కథ ఎవరు చెప్పాలో పేరు చూసి తేల్చే రోజుల్లో ఈ ముక్క ఒకటికి రెండుసార్లు చదువుకోవాలి. 1986లో ఆయనకి పద్మశ్రీ ఇచ్చారు. 1997 ఫిబ్రవరి 22న చనిపోయాడు.

మరి మనకేంటి ఇందులో? మాది మిరపకాయలు ఆరబోసే సీమ. కోటప్పకొండ ప్రభల నుంచి అద్దంకి సింగరకొండ తిరునాళ్ల దాకా స్టేజీలకేం తక్కువ లేదు. లైట్లున్నాయి, బాక్సులున్నాయి, డబ్బులూ పోస్తన్నారు. కానీ స్టేజీ ఎక్కినోళ్లని మనం ఏం అడుగుతున్నాం? సినిమాలో ఉన్నట్టే, ఒక్క అక్షరం తేడా రాకుండా పాడమంటున్నాం. పాడితే చప్పట్లు, మారిస్తే ఈలలు. మిర్చి యార్డులో క్వింటా రేటు సగానికి పడిపోయిన ఏడాది కూడా అదే పాట, గులాబీ పురుగు పత్తికాయని తొలిచేసిన ఏడాది కూడా అదే పాట. కౌలుకి చేసి అప్పులపాలైన మనిషి ఆ జనంలోనే కూర్చుని ఉంటాడు. ఆయన సంగతి ఆ స్టేజీ మీద ఒక్క ముక్క కూడా వినపడదు.

అందుకే లైవ్‌లో పాట మార్చకూడదనే మాట నాకు రుచించదు. మార్చిన ప్రతిదీ బాగుంటదని కాదు. చేతగాక చెడగొట్టేవాళ్లూ ఉంటారు. దూది ఏకటం రానోడు ఏకితే పోగులు తెగిపోతయ్. నాజర్ మార్చగలిగాడంటే ముందు ఆ కథ ఆయనకి ఒంటబట్టింది, రాగం ఒంటబట్టింది, ఎదురుగా కూర్చున్న జనం బతుకు తెలుసు. ఈ మూడూ ఉన్నోడు మారిస్తే పాత కథకు ప్రాణం వచ్చిద్ది. ఏదీ లేనోడు మారిస్తే అది గోలే.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీ చేతిలో ఫోనుంది, మీలో చాలామందికి గొంతుంది. మీ ఊళ్లో గుమ్మెట పట్టిన ముసలాయన ఒక్కడైనా మిగిలుంటే పోయి కూర్చోండి. వీడియో తీసుకోండి, తప్పు లేదు. కానీ అంతటితో లేచి రావొద్దు. ఆ కథ నేర్చుకోండి. ఈసారి తిరునాళ్లకి కమిటీ వాళ్లని అడిగి అరగంట తీసుకోండి. ఇద్దరు వంతల్ని పెట్టుకోండి. వాళ్లల్లో ఒకడికి మాత్రం నోరు కట్టేయొద్దు. యార్డులో మొన్న మిరప రేటెంత, మందుల కొట్లో బాకీ ఎంత, కథ మధ్యలో వాణ్ని అడగనీయండి.