తీర్పు దేవుడిది, పని మనది: పండిత రమాబాయి

ఈసారి మన గోడపత్రికలో పండిత రమాబాయి గురించి. చరిత్ర పాఠంలో ఆమెకి రెండు లైన్లు దొరుకుతాయి. సంస్కృతం బాగా చదువుకుంది, వితంతువుల కోసం శారదా సదన్ పెట్టింది, అంతే. ఆమె క్రైస్తవురాలైన సంగతిని కొందరు మెల్లగా దాటేస్తారు, కొందరు అదొక్కటే చెబుతారు. కానీ ఆమె జీవితమంతా ఒక ప్రశ్న చుట్టూ తిరిగింది. దేవుడికి లోబడటం అంటే ఏమిటి? దేవుడి పేరు చెప్పి మనుషులు పెట్టే ఆజ్ఞలన్నీ వినడమా?

రమాబాయి 1858 ఏప్రిల్ 23న కర్ణాటకలో, పడమటి కనుమల్లోని గంగామూల అడవిలో పుట్టింది. తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే తన భార్య లక్ష్మీబాయికి సంస్కృతం నేర్పాడు. ఆడవాళ్లకి ఆ చదువేమిటని పండితులు నిలదీస్తే, శాస్త్రాల్లోంచే జవాబు చెప్పాడు. ఆ తల్లి దగ్గరే రమాబాయి చదువుకుంది. ఆ కుటుంబం ఊరూరా తిరుగుతూ పురాణాలు చెప్పుకుని బతికింది.

దక్షిణాదిని కరవు పట్టినప్పుడు వాళ్ల దగ్గర ఉన్నదంతా అయిపోయింది. ఇత్తడి సామాన్లు కూడా అమ్ముకున్నారు. కూలికి వెళ్దామంటే పండిత కుటుంబం, అడుక్కుందామంటే అభిమానం. తిరుపతి కొండ అడవుల్లో ఆకులూ నీళ్లూ తాగి రోజులు గడిపారు. తండ్రి పోయాడు. రాయచూరులో తల్లి పోయింది. అక్క కూడా పోయింది. అన్న శ్రీనివాస్, రమాబాయి ఇద్దరే మిగిలి, కాలినడకన దేశమంతా తిరిగారు.

1878లో కలకత్తా చేరారు. ఆమె పాండిత్యానికి అక్కడివాళ్లు ఆశ్చర్యపోయి పండిత, సరస్వతి అని బిరుదులిచ్చారు. కానీ అక్కడ ధర్మశాస్త్రాలు చదువుతుంటే ఒక విషయం ఆమెని కలవరపెట్టింది. ఆడదానికి తనంతట తానుగా మోక్షం లేదని ఆమెకి అర్థమైంది. ఏ తప్పూ చేయకుండానే తీర్పు ముందే రాసిపెట్టి ఉంటే ఇక ధర్మంగా బతకడం ఎందుకు?

1880లో అన్న చనిపోయాడు. ఆ ఏడాదే ఆమె వేరే కులానికి చెందిన బెంగాలీ వకీలు బిపిన్ బిహారీని పెళ్లి చేసుకుంది. రెండేళ్లు తిరక్కుండానే ఆయన కలరాతో పోయాడు. ఇరవై మూడేళ్లకే ఆమె వితంతువు, చేతిలో పసిబిడ్డ మనోరమ.

1883లో ఇంగ్లండు వెళ్లింది. అక్కడ ఫుల్‌హామ్ అనే చోట, సంఘం చెడిపోయారని వెలివేసిన ఆడవాళ్లని సిస్టర్లు ప్రేమగా చూసుకోవడం గమనించింది. వీళ్ల మీద ఇంత దయ ఎందుకని అడిగింది. వాళ్లు యోహాను సువార్తలోని సమరయ స్త్రీ కథ చెప్పారు. బావి దగ్గర కలిసిన ఆ స్త్రీ జీవితమంతా యేసుకి తెలుసు, అయినా ఆమెని తరిమేయలేదు. అన్నీ తెలిసినవాడి తీర్పులో ఇంత దయ ఉండడం రమాబాయిని కదిలించింది. అదే ఏడాది సెప్టెంబరు 29న బాప్తిస్మం తీసుకుంది.

ఇక అందరి మాటా వింటుందనుకున్నారు. వినలేదు. చర్చి సిద్ధాంతాల్లో తనకి అర్థం కానివాటిని ఒప్పుకోనంది. ఆమె మగపిల్లలకి పాఠం చెప్పడం బిషప్పులకి నచ్చలేదు, అదీ ప్రశ్నించింది. గురుతుల్యురాలైన సిస్టర్ జెరాల్డిన్ ఇది గర్వమని బాధపడింది. రమాబాయి లెక్క వేరు. తాను లోబడింది దేవుడికి, అంతరాత్మని ఇంకొకరి చేతిలో పెట్టడానికి కాదు. ఒక కట్టు తెంచుకుని ఇంకో కట్టులో పడటానికి ఆమె అంత దూరం రాలేదు.

1889 మార్చి 11న బొంబాయిలో శారదా సదన్ తెరిచింది, మరుసటి ఏడు పుణెకి మార్చింది. అక్కడ ఎవరినీ మతం మారమని అడగకూడదన్నది షరతు. ఆమె తన గదిలో ప్రార్థన చేసుకునేది, తలుపు మాత్రం మూసేది కాదు. కొందరు అమ్మాయిలు వచ్చి కూర్చునేవాళ్లు. 1893లో దీనిమీద పెద్ద గొడవైంది. తిలక్ గారి కేసరి పత్రిక దుయ్యబట్టింది. రానడే, భండార్కర్ లాంటి పెద్దలు సలహా సంఘం నుంచి తప్పుకున్నారు. చాలామంది తమ పిల్లల్ని తీసుకెళ్లిపోయారు. నమ్మి పిల్లల్ని అప్పగించినవాళ్ల భయమూ కొట్టిపారేయలేనిదే. అయినా ఆమె తలుపు మూయలేదు, ఇల్లూ మూయలేదు.

1896–97లో మధ్య పరగణాల్లో కరవొచ్చింది. ఆకలంటే ఏమిటో పుస్తకంలో చదివి నేర్చుకున్న మనిషి కాదు కదా. స్వయంగా వెళ్లి, దిక్కులేని ఆడపిల్లల్ని సుమారు 300 మందిని తీసుకురావాలని పూనుకుంది. పుణె దగ్గర కేడ్‌గావ్‌లో ముక్తి సదన్ అలా పెరిగింది. అక్కడ పొలం పని, నేత, కుట్టుపని, అచ్చుపని అన్నీ నేర్పారు. సంఘం వెలివేసిన స్త్రీల కోసం కృపా సదన్ పెట్టింది. ఫుల్‌హామ్‌లో చూసింది మర్చిపోలేదన్నమాట.

మత్తయి సువార్త 25వ అధ్యాయంలో చివరి తీర్పు సన్నివేశం ఉంది. అక్కడ ఎన్ని శ్లోకాలు వచ్చు, ఎన్ని ప్రార్థనలు చేశావు అని ఎవరూ అడగరు. ఆకలిగొన్నవాడికి అన్నం పెట్టావా, పరాయివాణ్ణి ఇంట్లోకి రానిచ్చావా అన్నదే లెక్క. రమాబాయి జీవితం పక్కన పెట్టి చదివితే ఆ అధ్యాయం తేలిగ్గా అర్థమవుతుంది.

చివరి ఏళ్లలో హీబ్రూ, గ్రీకు నేర్చుకుని, మామూలు ఆడవాళ్లకి అర్థమయ్యే మరాఠీలో బైబిల్ మొత్తం అనువదించింది. 1921లో కూతురు మనోరమ పోయింది. పని ఆపలేదు. అది ముగించి, 1922 ఏప్రిల్ 5న కన్నుమూసింది.

ఆమె నమ్మకం మనందరి నమ్మకం కాకపోవచ్చు. ఆమె చేసిన ప్రతి పనీ మనకి నచ్చకపోవచ్చు. కానీ ఎదిరించే ఆడపిల్లని వెంటనే పొగరుబోతు అనేస్తాం, తలవంచేదాన్ని బుద్ధిమంతురాలు అంటాం. రమాబాయి మనుషుల ముందు తల వంచలేదు, కరవులో పడి ఉన్న పిల్లని ఎత్తుకోవడానికి మాత్రం నడుం వంచింది. ఎవరు నిజంగా విధేయులో తేల్చడానికి మనం తొందరపడక్కర్లేదు. ఆ తీర్పు చెప్పేవాడు వేరే ఉన్నాడని ఆమె నమ్మింది, తన పని తాను చూసుకుంది.