గడియారమే న్యాయనిర్ణేత: సర్ ఆర్నాల్డ్ లన్ జీవితం

పరుగు పందెంలో ముందుగా గీత దాటినవాడే విజేత. అందులో తగవుకు తావు లేదు. కాని మంచు కొండపై నుండి కాళ్ళకు పొడవాటి స్కీ పలకలు బిగించుకొని, ఒకరి తరువాత ఒకరుగా జారి వచ్చే క్రీడాకారులలో శ్రేష్ఠుడెవరో తేల్చడమెట్లు? ఈ చిక్కు ప్రశ్నకు న్యాయమైన సమాధానం చూపిన సర్ ఆర్నాల్డ్ లన్ మన మద్రాసు నగరంలో జన్మించారన్న సంగతి చాలమందికి తెలియదు. అందుచేతనే ఆయన జీవితాన్ని మా పాఠకులకు పరిచయం చేయదలచాము.

లన్ 1888 ఏప్రిల్ 18న జన్మించారు. ఆయన తండ్రి హెన్రీ లన్ మద్రాసులో మిషనరీగా పనిచేసి, పిదప స్వదేశమైన ఇంగ్లండుకు మరలి, యాత్రికులను స్విట్జర్లాండు పర్వతాలకు తీసుకొనివెళ్ళే వ్యాపారం స్థాపించారు. అందువల్ల కుమారునికి బాల్యంనుండే మంచు కొండలతో పరిచయం కలిగింది. హారోలోను, ఆక్స్‌ఫర్డులోను విద్యనభ్యసించిన లన్ 1908లో ఆల్పైన్ స్కీ క్లబ్బును నెలకొల్పారు. మరుసటి సంవత్సరమే వేల్సు కొండలపై నుండి పడి కాలు విరిగింది. ఆ కాలు పొట్టిదైపోయినా ఆయన ఉత్సాహం తగ్గలేదు.

1911లో స్విట్జర్లాండులోని మోంటానాలో ఆయన ఏర్పాటు చేసిన అవరోహణ పందేనికి బహుమతి పాత్రను ఇచ్చినవారు కాందహార్ లార్డ్ రాబర్ట్స్. ఆఫ్ఘన్ యుద్ధంలో పేరుపొందిన ఆ సేనాని బిరుదు ద్వారా కాందహార్ పేరు ఐరోపా మంచు కొండలపై స్థిరపడింది.

ఆనాటి మలుపుల పోటీలలో క్రీడాకారుని శైలిని చూసి న్యాయనిర్ణేతలు మార్కులు వేసేవారు. ఒకరి కంటికి సొగసైనది వేరొకరి కంటికి కాకపోవచ్చును. లన్ ఈ లోపాన్ని గుర్తించారు. 1922 జనవరిలో మ్యూరెన్ గ్రామం వద్ద, అడవిలోని చెట్లకు బదులుగా జంట జెండాలను పాతించి, వాటి నడుమనుండి మలుపులు తిరుగుతూ అతి తక్కువ సమయంలో దిగినవానినే విజేతగా నిర్ణయించారు. నేటి స్లాలమ్ పోటీకి అదే నాంది. రాజు బిడ్డయినా, రైతు బిడ్డయినా గడియారానికి ఒక్కటే కదా!

1928లో హానెస్ ష్నైడర్‌తో కలిసి ఆస్ట్రియాలో ప్రారంభించిన ఆర్ల్‌బర్గ్-కాందహార్ పోటీలలో అవరోహణ, స్లాలమ్ ఫలితాలను జతచేశారు. వేగం ఒక్కటే ఉన్నవాడు గాని, నేర్పు ఒక్కటే ఉన్నవాడు గాని ఇందులో నెగ్గలేడు. లన్ కృషి ఫలితంగా అంతర్జాతీయ సమాఖ్య 1930లో ఈ రెండు పోటీలను ఆమోదించింది. 1931లో మ్యూరెన్‌లో జరిగిన మొదటి ప్రపంచ పోటీలలో స్త్రీలకు సైతం స్థానం లభించింది.

1936లో గార్మిష్ ఒలింపిక్ క్రీడలలో లెక్క వేసిన విధం గమనించదగినది. ఒక్కొక్క పందెంలో అత్యల్ప సమయానికి 100 పాయింట్లు. తక్కినవారికి ఆ సమయంతో గల నిష్పత్తిని బట్టి పాయింట్లు. చివరకు రెండింటి సగటు. అవరోహణలో నార్వే వీరుడు బిర్గర్ రూడ్ 4 నిమిషాల 47.4 సెకన్లతో ప్రథముడు. జర్మనీకి చెందిన ఫ్రాంజ్ ఫ్నూర్ 4.4 సెకన్లు వెనుకబడి 98.49 పాయింట్లు పొంది, స్లాలమ్‌లో 100 సాధించి, 99.25 సగటుతో స్వర్ణపతకం గెలిచాడు. స్లాలమ్‌లో జెండాల వద్ద జరిగిన తప్పుకు 6 సెకన్ల శిక్ష పడిన రూడ్ నాలుగవ స్థానానికి జారిపోయాడు.

అయితే గడియారం తీర్చలేని తగవు ఒకటి మిగిలింది. జీతానికి స్కీయింగ్ నేర్పేవారు ఔత్సాహికులు కారని ఒలింపిక్ కమిటీ వారిని అనుమతించలేదు. ఆస్ట్రియా, స్విట్జర్లాండులకు చెందిన పలువురు మేటి క్రీడాకారులు అందువల్ల దూరమయ్యారు. పొట్టకూటికై శ్రమించేవాడు పోటీకి అనర్హుడనడం న్యాయమేనా అని మనం నేటికీ ఆలోచించవలసియున్నది.

1952లో సర్ బిరుదు పొందిన లన్ 1974లో కన్నుమూశారు. నేటి అంతర్జాతీయ పాయింట్ల పద్ధతిలో విజేతకు సున్న. తక్కినవారు ఎంత నిష్పత్తిలో వెనుకబడితే అంతకు తగిన పాయింట్లు. లెక్క తలక్రిందులైనా సూత్రం మాత్రం అదే. అమెరికాలో 1968లో ఔత్సాహికులకై ఆరంభమైన నాస్టార్ పోటీలలోనూ నిర్ణీత ప్రమాణ సమయంతో పోల్చి, ఎంత శాతం వెనుకబడినదీ లెక్కిస్తారు. వయస్సును బట్టి పతకాలిస్తారు. అందుచేత వృద్ధుడు సైతం తన ఈడు వారితో తన ప్రగతిని కొలుచుకోగలడు.

ప్రియ విద్యార్థులారా! కొలత ముందుగా అందరికీ తెలిసియుండాలి, అందరికీ ఒక్కటిగా ఉండాలి. అప్పుడే ఓడినవాడు సైతం తలయెత్తుకొని ఇల్లు చేరగలడు. లన్ జీవితం నుండి మనం గ్రహించవలసిన నీతి ఇదియే.